ఇంట్లో సబ్బు: త్రాసు నుంచి నాలుక పరీక్ష దాకా

కిరాణా కొట్లో నూనె ప్యాకెట్ తీసుకుని వెనక్కి తిప్పి చూడండి. 1 లీటరు అన్న చోటే పక్కన 910 గ్రాములని ఉంటుంది. ఇంట్లో చేసిన సబ్బు ఒంటిమీద చురుక్కుమంటోందంటే చాలాసార్లు కారణం ఈ 90 గ్రాముల తేడాయే. కొలతలో కిలో నూనె అని ఉంటుంది, చేసేవాళ్లు లీటరు పోస్తారు. నూనె తగ్గింది, దాన్ని సబ్బుగా మార్చే కాస్టిక్ సోడా మాత్రం కిలోకి సరిపడా పడింది. ఆ మిగులు కాస్టిక్ సబ్బులోనే ఉండిపోతుంది. తర్వాత ఎంత గంధం కలిపినా, ఎంత అందంగా కోసినా లాభం లేదు.

అందుకే సబ్బు చేయడంలో మొదటి పని పొయ్యి దగ్గర కాదు, త్రాసు దగ్గర. నూనె, నీళ్లు, కాస్టిక్, అన్నీ గ్రాముల్లోనే తూచాలి. కప్పులు, చెంచాలు, లీటర్లు పక్కన పెట్టేయండి.

  

కిలో నూనెల కొలత

కొబ్బరి నూనె: 300 గ్రాములు
పామాయిల్: 400 గ్రాములు
తవుడు నూనె: 220 గ్రాములు
ఆముదం: 80 గ్రాములు
కాస్టిక్ సోడా: 143 గ్రాములు
డిస్టిల్డ్ వాటర్: 286 గ్రాములు

దీంతో సుమారు 1,430 గ్రాముల పచ్చి సబ్బు వస్తుంది. కోస్తే 119 గ్రాముల చొప్పున 12 బిళ్లలు.

ఏ నూనె ఎందుకో తెలిస్తే మార్చుకోవడం తేలిక. కొబ్బరి నూనె గట్టిదనాన్ని, పెద్ద నురగని ఇస్తుంది. కానీ మురికితో పాటు ఒంటి జిడ్డునీ లాగేస్తుంది కాబట్టి మూడో వంతు దాటితే చాలామందికి చర్మం పొడిబారుతుంది. పామాయిల్ బిళ్ల త్వరగా కరిగిపోకుండా ఆపుతుంది. కొట్లో ప్యాకెట్లలో దొరికేది పామోలిన్, అంటే పామాయిల్‌లోని పలుచటి భాగం. కాబట్టి బిళ్ల ఒక రోజు ఆలస్యంగా గట్టిపడుతుంది, అంతే. తవుడు నూనె మెత్తదనానికి. ఆముదం నురగని నిలబెడుతుంది. 10 శాతం దాటితే మాత్రం సబ్బు జిగురుగా తయారవుతుంది. వేప నూనె వేయాలనుకుంటే తవుడు నూనెలోంచి 150 గ్రాములు తీసి ఆ చోటులో వేయండి. వాసన పోతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు, పోదు.

కాస్టిక్ లెక్క ఎలా వస్తుంది

గ్రాము నూనె పూర్తిగా సబ్బు కావడానికి ఎంత కాస్టిక్ కావాలో నూనెను బట్టి మారుతుంది. కొబ్బరి నూనెకి 0.183, పామోలిన్‌కి 0.141, తవుడు నూనెకి 0.133, ఆముదానికి 0.128, వేప నూనెకి 0.139. మన కొలతకి గుణించి కలిపితే: 54.9, 56.4, 29.3, 10.2. మొత్తం 150.8 గ్రాములు.

అంతా వేసేస్తే నూనె చుక్క మిగలదు, తూకంలో పిసరు తేడా వచ్చినా కాస్టిక్ మిగులుతుంది. అందుకని 5 శాతం తగ్గించి 143 గ్రాములే వేస్తాం. దీన్నే సబ్బు చేసేవాళ్లు సూపర్ ఫ్యాట్ అంటారు. కొంచెం నూనె సబ్బు కాకుండా మిగిలిపోతుంది. అదే మన రక్షణ, అదే చర్మానికి మెత్తదనం.

ఇప్పుడు లీటరు సంగతి చూడండి. నూనెలన్నీ కలిపి 1,000 బదులు 910 గ్రాములే పడితే కావలసిన కాస్టిక్ 137.2 గ్రాములు. వేసింది 143. దాదాపు 6 గ్రాముల కాస్టిక్ ఎటూ పోలేక సబ్బులో ఉండిపోయింది. ఆముదం పోయడం మర్చిపోయినా ఇదే కథ. ఆ 80 గ్రాములు లేకపోతే మిగతా నూనెలకి 140.6 చాలు, కాబట్టి 2.4 గ్రాములు మిగులు. 5 శాతం రక్షణ ఉందన్న ధీమా ఒక్క మరుపుతో పోతుంది. తూచిన ప్రతిదానికీ కాగితం మీద టిక్కు పెట్టుకోండి. సబ్బు తేడాగా వస్తే ఎక్కడ తప్పామో చెప్పేది ఆ కాగితమే.

నూనె డబ్బా వెంట వచ్చే ల్యాబ్ రిపోర్టులో సపోనిఫికేషన్ వాల్యూ అని 250, 257 లాంటి అంకె ఉంటే దాన్ని నేరుగా వాడకూడదు. అది మన కాస్టిక్ సోడాకి కాదు, పొటాషియం హైడ్రాక్సైడ్ అనే వేరే క్షారానికి వేసిన లెక్క. 1403తో భాగించండి. 257ని భాగిస్తే 0.183 వస్తుంది. అది మనకు కావలసిన అంకె.

మొదటిసారి కదా, పావు కిలోతో చూద్దాం అనిపిస్తుంది. వంటింటి త్రాసు గ్రాముకి తగ్గితే చూపించదు. కిలో నూనెకి కాస్టిక్ 143 గ్రాములు కాబట్టి ఒక గ్రాము తప్పు 0.7 శాతమే. 200 గ్రాముల నూనెకైతే కాస్టిక్ 28.6 గ్రాములు. అక్కడ అదే గ్రాము తప్పు 3.5 శాతం, రక్షణలో చాలా భాగం తినేస్తుంది. గ్రాము త్రాసుతో చేసేవాళ్లు 500 గ్రాముల నూనెకి తగ్గకండి.

కాస్టిక్ జోలికి వెళ్లేముందు

కావలసింది సోడియం హైడ్రాక్సైడ్. వంట సోడా కాదు, బట్టల సోడా కాదు, సింకు పైపుల్లో పోసే పొడి అసలే కాదు. ఆ పొడుల్లో అల్యూమినియం ముక్కల్లాంటివి కలిపి ఉండొచ్చు. కాస్టిక్ గాలిలోని చెమ్మ పీల్చుకుని అట్టకడుతుంది. అలా తడిసిన కాస్టిక్ తూస్తే నీళ్ల బరువు కూడా అందులో కలిసిపోతుంది. మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో బిగుతుగా మూత పెట్టి, పిల్లలకి అందని చోట, పేరు రాసి ఉంచండి.

నీళ్లు డిస్టిల్డ్ వాటరే వాడండి. బ్యాటరీల కొట్లో, పెట్రోలు బంకులో దొరుకుతుంది. అడిగేటప్పుడు బ్యాటరీ వాటర్ అని స్పష్టంగా చెప్పి సీసా మీద చదివి తీసుకోండి. పక్కనే బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు.

గిన్నెల విషయం. మనవాళ్లు సిల్వర్ గిన్నె అనే అల్యూమినియం పనికిరాదు. కాస్టిక్ తగిలితే అది బుసబుసమని పొంగి హైడ్రోజన్ వదులుతుంది, గిన్నె చిల్లులు పడుతుంది. రాగి, ఇత్తడి కూడా వద్దు. మంచి స్టీలు గిన్నె, లేదా అడుగున త్రికోణంలో 5 అని ఉన్న ప్లాస్టిక్ మగ్గు వాడండి. గాజు జగ్గు ఒకటి రెండుసార్లు బాగానే ఉన్నట్టుంటుంది, తర్వాత ఎప్పుడో పగులుతుంది. హ్యాండ్ బ్లెండర్ కాడ స్టీలుదో అల్యూమినియందో కూడా చూసుకోవాలి. ఇది చాలామంది మర్చిపోతారు. సబ్బుకి వాడిన సామాను మళ్లీ వంటకి వాడొద్దు.

కళ్లద్దాలు, మోచేతుల దాకా వచ్చే గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా. చర్మం మీద పడితే వెంటనే కుళాయి కింద పెట్టి కనీసం 15 నిమిషాలు కడగాలి. వెనిగర్, నిమ్మరసం రాయకూడదు. అవి కాస్టిక్‌తో కలిసినప్పుడు పుట్టే వేడి ఇంకా కాలుస్తుంది. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి బయల్దేరాలి. ఎవరైనా మింగితే వాంతి చేయించొద్దు, 108కి ఫోన్ చేయండి.

కలపడం

కాస్టిక్ నీళ్లలో వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. పోస్తే అడుగున గడ్డకట్టి, ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది. కిటికీలు తీసి, ముఖం దూరంగా పెట్టి, కొంచెం కొంచెంగా వేస్తూ స్టీలు గరిటెతో తిప్పండి. నిమిషంలోనే 80 డిగ్రీలు దాటుతుంది, ఘాటైన ఆవిరి వస్తుంది. తేటగా అయ్యేదాకా తిప్పి పక్కన పెట్టండి.

మే నెలలో మన ఇళ్లలో గదే 38 డిగ్రీలుంటుంది. ఇక కాస్టిక్ నీళ్లు ఎప్పటికి చల్లారేను? 286 గ్రాముల్లో సగం నీళ్లని ముందే ఐసు చేసి పెట్టుకుంటే సరి. ఐసు కూడా తూచిన నీళ్లతో చేసిందే అయి ఉండాలి. లేదంటే గిన్నెను చన్నీళ్ల టబ్బులో పెట్టండి. నూనెలు, కాస్టిక్ నీళ్లు రెండూ 35 నుంచి 40 డిగ్రీల మధ్యకి వచ్చాక కలపాలి. డిసెంబరులో నూనెలు చల్లబడి ఉంటే కాస్త వెచ్చబెట్టుకోండి. చల్లటి నూనెలో గట్టి కొవ్వు పేరుకుని సబ్బు చిక్కబడినట్టే కనిపిస్తుంది, కానీ లోపల కలిసి ఉండదు. అచ్చులో పోశాక నూనె, కాస్టిక్ నీళ్లు విడిపోతాయి.

కాస్టిక్ నీళ్లని నూనెల్లో సన్నటి ధారగా పోయండి. బ్లెండర్ 10 సెకన్లు తిప్పి, ఆపి, అదే కాడతో 20 సెకన్లు చేత్తో కలపండి. ఆపకుండా తిప్పితే రెండు నిమిషాల్లో ముద్దయిపోతుంది, వాసన కలిపే టైమ్ కూడా ఉండదు. కవ్వంతో చిలికితే ముప్పావు గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

ఎప్పుడు ఆపాలి? గరిటె పైకెత్తి ధార వదిలితే ఆ గీత పైన కాసేపు నిలవాలి. దాన్నే ట్రేస్ అంటారు. గంజిలా ఉంటే ఇంకా పలుచన. దోసెల పిండిలా జారితే సరైన సమయం. ఇడ్లీ పిండిలా అయితే ఆలస్యం చేశారు, వెంటనే అచ్చులో వేసేయండి.

వాసన నూనెలు దోసెల పిండి దశలోనే కలపాలి. కిలోకి 30 గ్రాములు గరిష్ఠం, లవంగం, దాల్చిన చెక్క లాంటి ఘాటు నూనెలైతే చాలా తక్కువ. పైగా ఆ రెండూ, కొన్ని మల్లె సెంట్లూ సబ్బుని గిన్నెలోనే రాయి చేసేస్తాయి. కొత్త సెంటు ఏదైనా ముందు చిన్న కప్పులో తీసుకున్న పిండితో చూసుకోండి. వెనీలా వాసనలున్నవి వారం తిరిగేసరికి బిళ్లని కాఫీ రంగులోకి తెస్తాయి. అది చెడిపోవడం కాదు.

పసుపు గురించి అందరూ అడుగుతారు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా రావడం మనకు తెలిసిందే. సబ్బులోనూ అదే జరుగుతుంది: కాస్టిక్ తగలగానే పసుపు ఎర్రబడుతుంది, రోజులు గడిచేకొద్దీ నారింజకీ గోధుమకీ దిగుతుంది, వెలుతురులో పెడితే వెలిసిపోతుంది. కిలోకి ఒక చెంచా చాలు. ఎక్కువైతే తువ్వాలుకి అంటుతుంది. శనగపిండి, ముల్తానీ మట్టి ఒక్కో పెద్ద చెంచా వేసుకోవచ్చు. తులసి, వేపాకు పచ్చివి రుబ్బి వేయకండి. ఆకుపచ్చ నాలుగు రోజులే ఉంటుంది, ఆపైన గోధుమ రంగు, ఒక్కోసారి బూజు. తేనె, పాలు, చక్కెర సబ్బులో వేడి పెంచుతాయి. ఎక్కువ వేసి దుప్పటి కప్పితే అచ్చులోంచి పొంగి బయటికొస్తుంది.

అచ్చు, కోత, మాగడం

సిలికాన్ అచ్చు మేలు. చెక్క పెట్టెకి బటర్ పేపరు వేసినా బాగుంటుంది. పోశాక రెండుసార్లు నేలకి తట్టి గాలి బుడగలు పోగొట్టండి. కొద్ది గంటల్లో మధ్యలో వేసలీన్‌లా పారదర్శకంగా మారుతుంది. వేడికి అలా అవుతుంది, మంచిదే. చలికాలం తువ్వాలు కప్పితే ఆ వేడి అంచుల దాకా పాకుతుంది. కప్పకపోతే కోసినప్పుడు మధ్యలో ముదురు రంగు వలయం కనిపిస్తుంది. చూపుకి తప్ప దేనికీ నష్టం లేదు. ఎండాకాలం ఏమీ కప్పకండి, పైన పగుళ్లు వస్తాయి.

ఈ కొలతకి 36 నుంచి 48 గంటల తర్వాత అచ్చు తీయొచ్చు. చల్లటి వెన్న కోసినట్టు తెగాలి. కత్తికి అంటుకుంటుంటే ఇంకో రోజు ఆగండి. ముక్కలు పొడిగా రాలుతుంటే ఆలస్యమైందని, లేదా కాస్టిక్ ఎక్కువైందని.

బిళ్లలు ఒకదానికొకటి తగలకుండా చెక్క లేదా ప్లాస్టిక్ జల్లెడ మీద, గాలాడే నీడలో 4 నుంచి 6 వారాలు ఉంచాలి. కాస్టిక్ పోవడానికే ఈ గడువని చాలామంది అనుకుంటారు. కాదు. లెక్క సరిగ్గా ఉంటే కాస్టిక్ మొదటి రెండు మూడు రోజుల్లోనే అయిపోతుంది, లెక్క తప్పితే ఆరు నెలలకీ పూర్తిగా పోదు. వారాలు పట్టేది నీళ్లు ఆరి బిళ్ల గట్టిపడటానికి. ఒక బిళ్ల మీద గుర్తు పెట్టి వారానికోసారి తూచండి. 119 గ్రాములది మొదటి వారాల్లో గబగబా తగ్గి, 105 దగ్గర నెమ్మదిస్తుంది. వారానికి గ్రాము కూడా తగ్గట్లేదంటే వాడుకోవచ్చు. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో వానాకాలం బిళ్లల మీద చెమట బిందువులు కనిపిస్తాయి. సబ్బులోని గ్లిజరిన్ గాలిలో చెమ్మని లాక్కుంటోంది. ఫ్యాను గాలికి పెట్టండి, చాలు.

బిళ్లని పరీక్షించడం

మూడు రోజుల తర్వాత నాలుక పరీక్ష. వేలు తడిపి బిళ్లకి రుద్ది, ఆ వేలిని నాలుక కొనకి తాకించండి. సబ్బు రుచి మాత్రమే తెలిస్తే సరే. 9 వోల్టుల బ్యాటరీ కొనలు ఆనించినట్టు చురుక్కుమంటే కాస్టిక్ మిగిలింది. వెంటనే నోరు పుక్కిలించండి. ఒకే బిళ్లలో నాలుగు చోట్ల చూడాలి, ఎందుకంటే సరిగ్గా కలపకపోతే కాస్టిక్ ఒకచోటే చేరుతుంది. కోసిన ముఖం మీద తెల్లటి గడ్డలు, తడి గుంటలు ఉంటే ముందు వాటి దగ్గర చూడండి. పైపైన పట్టిన తెల్లటి పొడి వేరు. అది గాలి తగిలి ఏర్పడిన సోడా బూడిద, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

పీహెచ్ (ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె) చూపే కాగితాన్ని నేరుగా సబ్బు మీద పెడితే అంకె నమ్మలేం. గ్రాము సబ్బు తురిమి 99 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి అందులో ముంచండి. 9, 10 వస్తే మామూలు. 11 దాటితే అనుమానించాలి. నూనె, కాస్టిక్‌లతో చేసిన నిజమైన సబ్బు 5.5కి రాదు. ఆసిడ్ వేసి దించితే సబ్బు విరిగి కొవ్వు పైకి తేలుతుంది. 5.5 అని అమ్మేవి సబ్బు కాని డిటర్జెంటు బిళ్లలు. అవి చెడ్డవని కాదు, వాటి తయారీ వేరు.

నురగని ఫిల్టర్ నీళ్లతో కాదు, మీరు స్నానం చేసే నీళ్లతో చూడండి. బోరు నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది, బకెట్ అంచున పట్టేది అదే. బోరు నీళ్ల ఊళ్లలో ఉంటే కాస్టిక్ కలిపే ముందు నీళ్లలో 10 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించండి. అయితే అది 6 గ్రాముల కాస్టిక్‌ని తినేస్తుంది కాబట్టి 143 బదులు 149 వేయాలి. ఈ ఆరు గ్రాములు మర్చిపోతే సబ్బు మెత్తగా, జిడ్డుగా వస్తుంది.

రెండు మూడు నెలలకి నారింజ రంగు మచ్చలు, పాత నూనె కంపు వస్తే లోపల మిగిలిన నూనె చెడుతోందని అర్థం. పాత నూనె వాడటం, కుళాయి నీళ్లలోని ఇనుము, సూపర్ ఫ్యాట్ 8, 10 దాకా పెంచడం, పొద్దుతిరుగుడు లాంటి త్వరగా పాడయ్యే నూనెలు ఎక్కువ వేయడం దీనికి కారణాలు. మచ్చలొచ్చిన సబ్బుతో చేతులు కడుక్కోవచ్చు, ఎవరికీ ఇవ్వకండి.

చురుక్కుమన్న సబ్బుని బాగు చేయాలంటే కాగితం తీయండి. ఆముదం మర్చిపోయారని తేలితే సబ్బంతా తురిమి, 80 గ్రాముల ఆముదం, పావు కప్పు నీళ్లు కలిపి, స్టీలు గిన్నెలో సన్నసెగన గంటసేపు ఉడికించి, ఉప్మాలా దగ్గరపడ్డాక అచ్చులో నొక్కండి. అందంగా రాదు, పనికొస్తుంది. ఏం తప్పిందో తెలియకపోతే ఉజ్జాయింపుగా నూనె పోయకండి. నాలుక మళ్లీ మళ్లీ కాల్చుకోవడం తప్ప ఫలితం ఉండదు. ఆ సబ్బు పారేయడమే నయం.

అమ్మాలనుకుంటే

మన దేశంలో సబ్బు కాస్మెటిక్ కిందికి వస్తుంది. అమ్మకానికి చేయాలంటే కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం లైసెన్సు కావాలి. కొట్లో సబ్బు అట్ట మీద కనిపించే టీఎఫ్ఎం అంటే మొత్తం కొవ్వు పదార్థం. ఒంటి సబ్బులకి భారత ప్రమాణమైన ఐఎస్ 2888 ప్రకారం గ్రేడ్ 1కి కనీసం 76, గ్రేడ్ 2కి 70, గ్రేడ్ 3కి 60 శాతం ఉండాలి. మన కొలత బాగా ఆరాక లెక్కకి 75 దరిదాపుల్లో ఉంటుంది. కానీ కచ్చితమైన అంకె ల్యాబే చెప్పాలి, లెక్క చూసి లేబుల్ మీద వేయకూడదు. బరువు కూడా అంతే. కోసిన రోజు తూచి 119 గ్రాములని అచ్చు వేయిస్తే కొన్నవాళ్ల త్రాసు మీద అది 105 చూపిస్తుంది. ఆరు వారాలయ్యాక తూచి, ఇంకో రెండు మూడు గ్రాములు తగ్గించి వేయండి, ఎందుకంటే అట్టపెట్టెలోనూ సబ్బు ఆరుతూనే ఉంటుంది.